గడగడా చదివితే అర్థమైనట్టేనా?

ముందుగా తల్లిదండ్రులకు ఒక చిన్న పరీక్ష. ఈ వాక్యం చదవండి: "నిన్న సాయంత్రం మూడు బొరిమెలు మిద్దె మీద చిలపగా జొరిమాయి."

ఇక ప్రశ్నలు. బొరిమెలు ఎప్పుడు జొరిమాయి? నిన్న సాయంత్రం. ఎన్ని? మూడు. ఎక్కడ? మిద్దె మీద. ఎలా జొరిమాయి? చిలపగా. నాలుగు ప్రశ్నలకు నాలుగు మార్కులూ మీకు వచ్చేశాయి. బొరిమె అంటే పిట్టో, పురుగో, పిండివంటో మీకు తెలియదు. మాకూ తెలియదు, ఎందుకంటే ఆ మాటలు మేమే పుట్టించాం.

తెలుగు వాక్యం కట్టుబడే అలాంటిది. 'మీద' అని ఉంటే ఎక్కడో చెప్తోంది, చివర 'గా' ఉంటే ఎలాగో చెప్తోంది, ఆఖరున ఉన్నది క్రియ. ఇంట్లో కాస్తో కూస్తో తెలుగు వినే పిల్లలకు ఈ గుర్తులు చాలు. ప్రశ్నలో ఉన్న మాటను పాఠంలో వెతికి పట్టుకుని, దాని పక్కనున్న మాటను జవాబుగా దించేస్తారు. మాలో చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం కాబట్టి ఇంకో మాట కూడా చెప్తాం: ఇలాంటి జవాబులు రాయడానికి మనిషి అక్కర్లేదు, చిన్న ప్రోగ్రాం చాలు.

ఇదంతా ఎందుకంటే, ఐన్ ఖాలిద్‌లోనూ, చుట్టుపక్కలా ఉండి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు చదువుతున్న మన పిల్లలు ఏడాది చివర తెలుగు పరీక్షలో రాసే జవాబులు ఎక్కువగా ఈ బాపతువే. మార్కులు బాగానే వస్తున్నాయి. వార్షికోత్సవంలో స్టేజి ఎక్కి పద్యం చదివితే మైకు అదిరిపోతుంది. అమ్మానాన్నలు వీడియో తీసి ఇండియా పంపుతారు, అక్కడ తాతగారు మురిసిపోతారు. మురిసిపోవలసిందే, ఎడారి దేశంలో పుట్టి పెరిగిన పిల్ల ద్విత్వాక్షరాలూ సంయుక్తాక్షరాలూ తడుముకోకుండా చదవడం చిన్న విషయం కాదు. కానీ ఆ పిల్లను పక్కకు పిలిచి, "ఇప్పుడు చదివినదాంట్లో ఆ రైతుకు కోపం ఎందుకు వచ్చిందమ్మా?" అని అడిగి చూడండి. చాలాసార్లు వచ్చేది నవ్వే.

తెలుగు లిపి మనల్ని ఇక్కడే ఏమారుస్తుంది. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడాన్ని ఒక గుణకారంగా చెప్పారు: అక్షరాలను పలకగలగడం ఇంటూ ఆ భాష విని అర్థం చేసుకోగలగడం. కూడిక కాదు, గుణకారం. రెండింట్లో ఏది సున్నా అయినా మొత్తం సున్నాయే. ఇంగ్లీషులో స్పెల్లింగు ఒక దారి, పలుకు ఒక దారి. ఆ మాట తెలియని పిల్లవాడు దాన్ని సరిగ్గా పలకడమే కష్టం. అందుకని ఇంగ్లీషు పేజీ ఒకటి ధారాళంగా చదివితే అర్థమయ్యే ఉంటుందనుకోవడంలో కొంత న్యాయం ఉంది. తెలుగులో రాసినట్టే చదువుతాం. గుణింతాలు, ఒత్తులు పట్టుబడ్డాక పిల్లలు ఏ పేజీ తెరిచినా చదివేస్తారు, 'బొరిమెలు' సహా. మొదటి అంకె పదికి పది ఉండటంతో రెండో అంకె ఎంతో ఎవరూ చూడరు.

పైగా ప్రశ్నలు తయారుచేసే మన తరం సంగతి కూడా ఉంది. మనలో చాలామందికి తెలుగు పరీక్ష అంటే సందర్భసహిత వ్యాఖ్య, ప్రతిపదార్థం, తాత్పర్యం, గైడులో ఉన్నది ఉన్నట్టు. పదో తరగతి దాటగానే ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నవాళ్ళం బోలెడుమందిమి, అందులో మార్కులు బాగా పడతాయని. ఆ తర్వాత ఇంజినీరింగు, ఉద్యోగం, దోహా. అంటే తెలుగు పాఠాన్ని గురించి ప్రశ్న ఎలా ఉంటుందో మనకు ఉన్న జ్ఞాపకం పదిహేనో ఏట ఆగిపోయింది. అక్కడ మాత్రం పరిస్థితి మారింది. 2012 తర్వాత వచ్చిన కొత్త వాచకాల్లో పాఠం చివర 'అవగాహన - ప్రతిస్పందన' అని ఒక భాగమే పెట్టారు. సొంత అభిప్రాయం అడిగే ప్రశ్నలు అందులో ఉంటాయి.

మా భయం మార్కుల గురించి కాదు. మేము చూసినంతలో పిల్లలు తెలుగు బడికి రావడం తగ్గించేది సరిగ్గా ఈ పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ మధ్యనే. ట్యూషన్లు, క్రికెట్ కోచింగు, శుక్రవారం పొద్దున్నే లేవాలంటే బద్ధకం, ఇవన్నీ నిజమే. ఇంకో కారణం కూడా ఉంది. ఆదివారం నుంచి గురువారం దాకా ఇంగ్లీషు క్లాసులో ఆ పిల్లను ఒక నవల చదివించి, "ఈ పాత్ర చేసింది న్యాయమేనా? నీ అభిప్రాయానికి ఆధారం చూపించు" అని అడుగుతారు. వారాంతంలో మన దగ్గరకు వస్తే, "కాకి నీటి కోసం ఎక్కడికి వెళ్ళింది?" అని అడుగుతాం. పన్నెండేళ్ళ బుర్రకు ఆరేళ్ళ ప్రశ్న. తన తెలుగు చిన్నదే కావచ్చు, తను చిన్నది కాదు. ఆ తేడా మనం చూడకపోతే 'తెలుగు అంటే చిన్నపిల్లల వ్యవహారం' అన్న ముద్ర పడిపోతుంది. ఒకసారి పడ్డాక దాన్ని చెరపడం కష్టం.

మరి వాళ్ళకు వచ్చిన కొద్దిపాటి తెలుగులోనే పెద్ద ప్రశ్న అడగడం సాధ్యమా? సాధ్యమే. ఈ ఏడాది ఏడో తరగతి వాళ్ళ కోసం మేము రాసుకున్న చిన్న పేరా ఇది.

"నానమ్మ ఫోన్ చేసింది. 'ఈసారి మామిడికాయలు విరగకాశాయి. తినేవాళ్ళు లేక పక్కింటివాళ్ళకి రెండు బుట్టలు ఇచ్చేశాను. మీరేం పనులు మానుకుని రానక్కర్లేదులే. అవునూ, టికెట్లు ఎంతున్నాయట?' అంది."

ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. ఎన్ని బుట్టలు ఇచ్చింది అంటే క్లాసంతా చేతులెత్తారు. రెండో ప్రశ్న: నానమ్మ వాళ్ళను రమ్మంటోందా, వద్దంటోందా? క్లాసు రెండుగా చీలిపోయింది. "రానక్కర్లేదు అని రాసి ఉంది కదా అంకుల్!" అని ఒక జట్టు. "రావద్దు అనుకుంటే టికెట్ల రేటు ఎందుకు అడుగుతుంది?" అని రెండో జట్టు. ఇంతసేపూ మాట్లాడని ఒక అమ్మాయి 'తినేవాళ్ళు లేక' అన్నచోట వేలు పెట్టి, "షీ ఈజ్ నాట్ టాకింగ్ అబౌట్ మామిడికాయలు" అంది. ఆ వాక్యంలో తెలుగు మాట ఒక్కటే. కానీ ఆ పేరాను ఆ రోజు అందరికంటే బాగా చదివింది ఆ పిల్లే.

మన పెద్దవాళ్ళు మాట్లాడే తెలుగు ఇలాగే ఉంటుంది. 'మాకేం, బాగానే ఉన్నాం' అంటే బాగా ఉన్నట్టు కాదు. 'వీలు చూసుకునే రా' అంటే వెంటనే రమ్మని. పైకి అన్న మాట, లోపల ఉన్న మాట వేరువేరని పట్టుకోగలగడాన్నే ఇంగ్లీషు పాఠాల్లో ఇన్ఫరెన్స్ అంటారు. వేసవి సెలవుల్లో ఊరెళ్ళిన పిల్లలు నానమ్మ పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారంటే అది పొగరు కాకపోవచ్చు, ఈ రెండో మాట వినపడకపోవడం కావచ్చు.

ఇలాంటి ప్రశ్నలు అడగడం మనం ఎక్కడి నుంచో తెచ్చుకోవలసిన విద్య కాదు. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన 'చందమామ' మనందరి ఇళ్ళకూ వచ్చింది. అందులో బేతాళ కథ గుర్తుచేసుకోండి. మొదట పాతకాలపు పాతిక కథలు, అవి అయిపోయాక అదే మూసలో కొత్తగా కట్టినవి. బేతాళుడు ఏనాడైనా "రాజకుమారుడు ఏ ఊరు వెళ్ళాడు?" అని అడిగాడా? 'అతను అలా ఎందుకు చేశాడు? ఇద్దరిలో ఎవరిది గొప్ప త్యాగం?' ఇవీ అతని ప్రశ్నలు. జవాబు కథలో ఎక్కడా రాసి ఉండదు, కానీ కథలో లేనిదాన్నుంచి చెప్తే చెల్లదు. తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది. విక్రమార్కుడు ఊరికే ఔననో కాదనో అనడు, కారణం చెప్తాడు. మనం స్కూలు పుస్తకం చాటున దాచుకుని చదివిన ఆ రెండు మూడు పేజీలే మన సాహిత్య విమర్శ క్లాసు. అదే పత్రికలో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది. సంబంధం లేని రెండు ఫోటోలు ఇచ్చి, రెంటికీ పొసిగేలా చిన్న వ్యాఖ్యలు రాయమనేవారు. పోల్చడం నేర్పడానికి అంతకంటే చవకైన సాధనం మాకు ఇప్పటికీ కనిపించలేదు.

ఆధారం సంగతికి వస్తే మెదక్ ప్రాంతపు కొల్చారం ఊరివాడని చెప్పుకునే మల్లినాథసూరిని తలుచుకోవాలి. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మహా పండితుడు. మూలంలో లేనిదేదీ రాయననీ, అవసరం లేనిదేదీ చెప్పననీ ఆయన పెట్టుకున్న నియమం ప్రసిద్ధం. ఏడో తరగతి పిల్లలకు ఇంతకంటే మంచి సూత్రం లేదు. జవాబు ఏదైనా సరే, "ఏ మాట చూసి అలా అన్నావు?" అంటే వేలు పెట్టి చూపించాలి. రెండు వ్యతిరేకమైన జవాబులకూ ఆధారం ఉంటే రెంటికీ మార్కులు ఇవ్వాలి. ఇది మా వలంటీర్లలోనే కొందరికి ఇంకా మింగుడుపడలేదు. పరీక్ష అన్నాక ఒక ఒప్పు, ఒక తప్పు ఉండాలి కదా అంటారు. లెక్కల పరీక్షకు ఆ మాట ఒప్పుకుంటాం.

ఇంకో చిక్కు ఉంది, మాటలు తెలిసినా బొమ్మ కట్టకపోవడం. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి బేస్‌బాల్ ఆట గురించిన ఒక పాఠం ఇచ్చారు. చదవడంలో వెనకబడ్డా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లలకంటే ఎక్కువ గ్రహించారు. మన క్రికెట్‌కు అన్వయించుకుంటే వెంటనే తెలుస్తుంది. సిల్లీ పాయింట్ దగ్గర క్యాచ్ అన్న వాక్యంలో ఉన్నవన్నీ తేలిక మాటలే, ఆట తెలియనివాడికి మాత్రం అంతా అయోమయం.

మన కథల్లో అరుగు వస్తుంది, రచ్చబండ వస్తుంది, ఏతం, కరణం గారు, పురి విప్పిన నులక తాడు వస్తాయి. ఐన్ ఖాలిద్ విల్లాలో ఒక వాటాలో పెరిగే పిల్లవాడికి అరుగు ఎక్కడిది? అర్థం రాసిస్తే 'ఇంటి ముందు కూర్చునే గట్టు' అని బట్టీ పడతాడు. అలా కాక, ఖతరీ ఇళ్ళలో మజ్లిస్ చూశావు కదా, వచ్చినవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు, మన ఊళ్ళో అలాంటిది ఆరుబయట చెట్టు కింద ఉంటే రచ్చబండ అని చెప్పండి. కళ్ళు వెలుగుతాయి. వాళ్ళకు లోకజ్ఞానం లేదని మనం అనుకుంటాం గానీ, వాళ్ళకున్నది ఈ లోకపు జ్ఞానం. ముత్యాల కోసం సముద్రంలోకి దూకిన ఇక్కడి పూర్వీకుల సంగతి వాళ్ళకు తెలుసు, దుమ్ము తుఫాను తెలుసు. దానిమీద వంతెన కట్టాలి.

పిల్లలూ, ఇది మీకోసం. రోజూ 'ఐన్ ఖాలిద్' అంటారు కదా, 'ఐన్' అంటే ఏమిటో ఎప్పుడైనా అడిగారా? అరబిక్‌లో నీటి ఊట అని అర్థం, కన్ను అని కూడా. ఎడారిలో ఒక ఊరి పేరులో నీళ్ళు ఎందుకున్నాయో ఆలోచించండి. అలాగే అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉంది. అక్కడ సముద్రం ఎక్కడిది? 'సముద్రం' అన్నది పెద్ద చెరువును. నీళ్ళు తక్కువైన రెండు చోట్ల మనుషులు పేరులో నీళ్ళు పెట్టుకున్నారు. ఈసారి మ్యాపులో మీ అమ్మమ్మ ఊరి చుట్టూ ఉన్న పేర్లు ఇలా చదివి చూడండి. చదవడం అంటే ఇదీ.

పద్యాల దగ్గర కూడా ఇదే దారి. వేమన ఉప్పునూ కర్పూరాన్నీ పోల్చిన పద్యం మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. ఆ రెంటినీ పొడి చేసి రెండు గిన్నెల్లో పెట్టి, దూరం నుంచి చూసి ఏది ఏదో చెప్పమన్నాం. చెప్పలేకపోయారు. దగ్గరకొచ్చి వాసన చూశారు, అయిపోయింది. తర్వాత అడిగిన ప్రశ్న ఒక్కటే: కవి వజ్రాన్నీ బొగ్గునూ పోల్చవచ్చు కదా, ఈ రెంటినే ఎందుకు ఎంచుకున్నాడు? ఆ రోజు అరగంట ఎలా గడిచిందో తెలియలేదు. ఇంకాస్త పెద్ద పిల్లలకు ముళ్ళపూడి వెంకటరమణ గారి 'బుడుగు' ఇవ్వవచ్చు. కథ చెప్తున్న బుడుగుకు తెలియని సంగతులు చదివేవాళ్ళకు తెలిసిపోతుంటాయి. కథకుడు చెప్పిందల్లా నమ్మనక్కర్లేదని నేర్పడానికి ఇంతకంటే సరదా పుస్తకం దొరకదు. బాపు గారి బొమ్మలు అదనపు లాభం.

యాసల గురించి ఒక మాట. పి.వి. నరసింహారావు గారి 'గొల్ల రామవ్వ'లోని ముసలమ్మ మాటలు గోదావరి ఇంటి పిల్లలకు అందవు, నామిని గారి చిత్తూరు మాటలు కరీంనగర్ ఇంటి పిల్లలకు అందవు. అది కష్టమని ఆ కథలను పక్కన పెట్టేయకండి. ఏ పిల్లవాడి ఇంట్లో ఆ మాటలు ఉన్నాయో ఆ రోజుకు వాడే టీచరు. ఇంట్లో నానమ్మ మాట క్లాసులో విలువైనదయ్యే రోజులు మన బడిలో ఇంకా ఎక్కువ రావాలి.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వద్దాం. "జవాబు ఇంగ్లీషులో చెప్పనిస్తే ఇంక తెలుగు బడి ఎందుకండీ?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. కొంచెం చనువిస్తే క్లాసంతా ఇంగ్లీషులోకి జారిపోతుంది, అది మేమూ చూశాం. మా అభిప్రాయం ఇది: ఆలోచన ఏ భాషలో వచ్చినా రానివ్వాలి, ముగింపు మాత్రం తెలుగులో జరగాలి. ఆ అమ్మాయి ఇంగ్లీషులో అన్న మాటను టీచరు సాయంతో "నానమ్మ మామిడికాయల గురించి కాదు, మా గురించి మాట్లాడుతోంది" అని తిరిగి చెప్పించి నోట్సులో రాయించాం. తన సొంత ఆలోచన కాబట్టి ఆ వాక్యం తనకు గుర్తుంటుంది. ముందే 'తెలుగులోనే చెప్పు' అని గదమాయిస్తే ఆ పిల్ల నోరు విప్పేది కాదు. డిక్టేషన్, చేతిరాత మానేయమని మేము అనడం లేదు. వాటికి వేరే వేళ ఉండాలి, అవగాహన పరీక్షలో దీర్ఘం తప్పినందుకు మార్కు కోయకూడదు.

కాబట్టి ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు వచ్చే వార్షిక పరీక్ష ఇలా ఉంటే బాగుంటుందని కమిటీ ముందు పెడుతున్నాం. పిల్లలు ఎప్పుడూ చూడని, పది పన్నెండు వాక్యాలు మించని పాఠం. పది ప్రశ్నల్లో పాఠంలోంచి దించగలిగేవి మూడే. సగం మార్కులు నోటితో చెప్పే జవాబులకు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ఇందుకు పరీక్ష రోజున ఇప్పుడున్నవాళ్ళకంటే రెట్టింపు మంది వలంటీర్లు కావాలి, ఒక శుక్రవారం చాలదు, శనివారం కూడా పెట్టుకోవాలి. మొదటి ఏడాది మార్కులు తప్పకుండా తగ్గుతాయి. తొంభై ఐదు తెచ్చుకున్న పిల్లకు అరవై వస్తే ఇంట్లో ఎవరూ కోప్పడవద్దని ఇప్పుడే కోరుతున్నాం.

ఇంట్లో చేయగలిగింది కూడా ఒకటుంది. పిల్లలు తెలుగు పాఠం చదువుతుంటే వాక్యం వాక్యానికీ ఇంగ్లీషు అర్థం చెప్పేయకండి. కాసేపు ఆగి, "ఇక్కడ ఏం జరుగుతోందనుకుంటున్నావు?" అని అడగండి. తప్పు చెప్పినా వినండి. రోజుకు ఐదు నిమిషాలు చాలు, సల్వా రోడ్డు ట్రాఫిక్‌లో కారులో కూర్చున్నప్పుడైనా సరే.

ఈ వేసవికి ఊరెళ్ళేవాళ్ళకు ఒక మనవి. అటక మీద పాత చందమామలు ఉంటే, అట్ట చిరిగినా సరే, సూట్‌కేసులో నాలుగైదు పెట్టుకు రండి. అలాగే మీ అమ్మగారో అత్తగారో ఫోన్‌లో అన్న మాట, పైకి ఒకటీ లోపల ఒకటీ ఉన్నది ఏదైనా ఉంటే, వాళ్ళ అనుమతి అడిగి నాలుగు వాక్యాలుగా రాసి మాకు ఇవ్వండి. పేర్లు మార్చి వచ్చే ఏడాది పాఠాల్లో వాడుకుంటాం.